ఆర్టీయూ (సబ్‌స్టేషన్ కొలతలు పైకి పంపే రిమోట్ టెర్మినల్ యూనిట్) మెగావాట్లు, ప్యానెల్ మీటర్ మెగావాట్లు కలవడం లేదు. అసలు ఈ డబ్బా పనేంటి?

కొత్త_ఏఈ (సోమవారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేరి నాలుగు నెలలైంది. 132/33 కేవీ సబ్‌స్టేషన్. మధ్యాహ్నం లోడ్ డిస్పాచ్ (రాష్ట్ర గ్రిడ్‌ని నడిపే కంట్రోల్ సెంటర్) నుంచి ఫోన్ వచ్చింది. "మీ రెండో పీటీఆర్ (పవర్ ట్రాన్స్‌ఫార్మర్) 33 వైపు మెగావాట్లు తప్పు వస్తున్నాయి, చూసుకోండి" అని చెప్పి పెట్టేశారు. ప్యానెల్ మీటర్ చూస్తే 24.3 మెగావాట్లు. అదే నిమిషంలో వాళ్ళ స్క్రీన్ మీద 16.2 అట.

మా ఆపరేటర్‌ని అడిగితే "ఆ డబ్బా జోలికి పోకండి సార్, అది లోడ్ డిస్పాచ్ వాళ్ళది" అన్నాడు. ఆయన సర్వీసు నా వయసంత ఉంది, నేనేం మాట్లాడతాను! కంట్రోల్ రూమ్ మూలన బూడిదరంగు బీరువా, లోపల వరసగా కార్డులు, మినుకుమినుకుమనే పచ్చ లైట్లు. కాలేజీలో స్కాడా (దూరం నుంచి చూసి నడిపే వ్యవస్థ) అంటే మూడు పెట్టెలు గీసి మధ్యలో బాణాలు వేస్తే మార్కులు వేసేవారు. ఆ మధ్య పెట్టె ఇదేనని ఇప్పుడు తెలిసింది.

రెండు ప్రశ్నలు. ఒకటి, 8 మెగావాట్లు ఎక్కడికి పోయాయి? రెండు, ఇది సరిగ్గా పనిచేయకపోతే నిజంగా ఎవరికి నష్టం? మీటరింగు దీనిమీద జరగదు కదా.

గోదారి_ఈఈఈ (9.52)

నేనింకా ఫైనల్ ఇయరే అన్నా. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోదా? మా ఇంట్లో వైఫై అలాగే బాగవుతుంది.

రిలేరూమ్ (9.58)

చేయొద్దు. ఆర్టీయూ రీస్టార్ట్ చేస్తే తప్పొస్తున్న ఆ ఒక్క అంకెతో పాటు సబ్‌స్టేషన్ మొత్తం లోడ్ డిస్పాచ్‌కి కనపడకుండా పోతుంది. ఇంకా పైకి పంపని ఈవెంట్లు మెమరీలో ఉంటే కొన్ని మోడళ్ళలో అవి కూడా పోతాయి. ఆ నిమిషంలోనే ఏదైనా లైన్ ట్రిప్ అయితే రేపు సంజాయిషీ రాసేది నువ్వే.

కొత్త_ఏఈ గారూ, కొంచెం సమాచారం కావాలి. మెగావార్లు (రియాక్టివ్ పవర్) ఎంత చూపిస్తోంది? వోల్టేజీ, కరెంటు కలుస్తున్నాయా? అదే పీటీఆర్ 132 వైపు ఎంత? ఈమధ్య ఆ బేలో (ఆ పీటీఆర్‌కి చెందిన పరికరాల భాగంలో) ఎవరైనా పని చేశారా?

డిస్పాచ్‌తాత (10.35)

ఈ థ్రెడ్ చూసి నిద్ర మానుకున్నాను. ముప్పై ఏళ్ళు లోడ్ డిస్పాచ్‌లో షిఫ్టులు చేసినవాణ్ణి. బాబూ, నీ రెండో ప్రశ్నకి నేను చెబుతాను, మొదటిది రిలేరూమ్ చూసుకుంటాడు.

మేము చేరిన కొత్తలో ఆర్టీయూలు ఉన్నది కొద్ది చోట్లే. గంటకోసారి ప్రతి సబ్‌స్టేషన్‌కీ క్యారియర్ ఫోన్ (కరెంటు తీగల మీదే నడిచేది) చేసేవాళ్ళం. "హలో, హలో, వినపడుతోందా, ఒకటో లైన్ ఎంత?" అవతల నుంచి "నలభై రెండు" అంటే రాసుకునేవాళ్ళం. ఆఖరి స్టేషన్ రీడింగు రాసేసరికి మొదటి స్టేషన్ రీడింగుకి అరగంట వయసొచ్చేది. అంటే మేం గ్రిడ్‌ని చూడలేదు, అరగంట కిందటి ఫొటో చూసి రాష్ట్రం నడిపాం. దక్షిణాదిలో యూఎల్‌డీసీ ప్రాజెక్టు (లోడ్ డిస్పాచ్ కేంద్రాలని, సబ్‌స్టేషన్లని కలిపినది) 2002లో పూర్తయ్యాక ఆ ఫొటో సినిమా అయింది. అనలాగ్ విలువలు పది సెకన్లకోసారి, బ్రేకర్ స్థితి మారితే వెంటనే. బెంగళూరులోని ఎస్‌ఆర్‌ఎల్‌డీసీకీ (దక్షిణ ప్రాంత లోడ్ డిస్పాచ్ కేంద్రానికీ) అదే బొమ్మ.

ఆ బీరువా చేసేది చెప్పుకోడానికి చిన్నదే. మెగావాట్లు, మెగావార్లు, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ట్యాప్ పొజిషన్ (ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ సర్దే మెట్టు) లాంటి కొలతలు తీసుకుంటుంది. బ్రేకర్, ఐసోలేటర్ (లైన్లని కలిపే, విడదీసే స్విచ్‌లు) మూసుందా తెరిచుందా చూస్తుంది. ఏ రిలే (ఫాల్ట్ పట్టుకుని బ్రేకర్‌ని తెరిపించే పరికరం) ఎప్పుడు పనిచేసిందో మిల్లీసెకను దాకా టైమ్ వేసి దాచుతుంది, అందుకే దానికి జీపీఎస్ గడియారం. పైనుంచి ఆజ్ఞ వస్తే బ్రేకర్‌ని తెరవనూ గలదు, మూయనూ గలదు. సొంత తెలివి పెద్దగా లేదు. కానీ అది చెప్పిందే మేం నమ్ముతాం, ఇంకో దారి లేదు.

2020 ఏప్రిల్ 5 గుర్తుందా? రాత్రి 9 గంటలకి తొమ్మిది నిమిషాలు దేశమంతా లైట్లు ఆర్పి దీపాలు పెట్టారు. నేనప్పటికి రిటైరయ్యాను. మా ఆవిడ బాల్కనీలో దీపం పెడుతుంటే నేను లోపల ఫోన్లో ఫ్రీక్వెన్సీ చూస్తూ కూర్చున్నాను, ఒకటే టెన్షన్. కొద్ది నిమిషాల్లో దేశం డిమాండ్ 31 వేల మెగావాట్లకి పైగా పడిపోయింది, మళ్ళీ అలాగే లేచింది. అయినా ఫ్రీక్వెన్సీ 49.70కి తగ్గలేదు, 50.26 దాటలేదు. పడేటప్పుడు హైడ్రో మెషీన్లు దించారు, లేచేటప్పుడు ఎక్కించారు. ఏ మెషీను ఎంత దించాలో ఊహించి చేసే పని కాదది. ప్రతి స్టేషన్ నుంచి అంకె వస్తుంటే, దాన్ని చూస్తూ చేసే పని.

మీటరింగు సంగతి నువ్వన్నది నిజమే. డబ్బు లెక్క 15 నిమిషాల బ్లాకుల ఎనర్జీ మీటర్ల మీద నడుస్తుంది. కానీ ఆ బ్లాకులో రాష్ట్రం ఎక్కువ లాగుతోందా తక్కువ లాగుతోందా అని డిస్పాచ్ ఇంజనీర్ చూసేది ఆర్టీయూ అంకెల్నే. అది తప్పైతే నిర్ణయం తప్పు, ఆ తప్పుకి బిల్లు వేసేది మాత్రం మీటరు.

కొత్త_ఏఈ (10.50)

ధన్యవాదాలు సార్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

రిలేరూమ్ గారూ, డిస్పాచ్‌కి ఫోన్ చేసి అంకెలు తీసుకున్నాను. ముందు మా ప్యానెల్, తర్వాత వాళ్ళ స్క్రీన్. మెగావాట్లు 24.3, 16.2. మెగావార్లు 8.1, 5.4. కరెంటు రెండుచోట్లా 445 ఆంపియర్లు. వోల్టేజీ 33.2 కేవీ రెండుచోట్లా. 132 వైపు వాళ్ళకీ మాకూ 24.4. రెండు వారాల కిందట ఆ బేలో వార్షిక మెయింటెనెన్స్ జరిగింది.

గోదారి_ఈఈఈ (10.57)

సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) రేషియో డేటాబేస్‌లో తప్పు వేసి ఉంటారు. 600/1 బదులు 400/1. నిష్పత్తి సరిగ్గా సరిపోయింది చూడండి!

రిలేరూమ్ (11.10)

తమ్ముడూ, ఆలోచన బాగుంది. కానీ రేషియో తప్పైతే కరెంటు కూడా తప్పు రావాలి కదా. 445 రెండుచోట్లా ఒకటే.

నిష్పత్తి పట్టుకోవడం మాత్రం భలే. 24.3లో 16.2 అంటే కచ్చితంగా మూడింట రెండు వంతులు. 8.1లో 5.4 కూడా అంతే. మూడు ఫేజుల్లో ఒకటి లెక్కలోకి రావట్లేదు. ఎంఎఫ్‌టీ (ప్యానెల్ వెనక ఉండే మల్టీఫంక్షన్ ట్రాన్స్‌డ్యూసర్) ఒక్కో ఫేజుకి వోల్టేజీని కరెంటుతో గుణించి మూడూ కలుపుతుంది. ఒక ఫేజు వోల్టేజీ అందకపోతే ఆ ఫేజు మెగావాట్లు సున్నా. కరెంటు బాగానే కనిపిస్తోంది కాబట్టి లోపం పీటీ (వోల్టేజీ కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) వైపు.

మరి వోల్టేజీ 33.2 ఎలా సరిగ్గా వస్తోంది అంటావా? చాలాచోట్ల పైకి పంపేది ఒక్క ఆర్-వై వోల్టేజీనే (ఆర్, వై, బీ అనే మూడు ఫేజుల్లో మొదటి రెంటి మధ్యది). బీ ఫేజు పోతే ఆ అంకె చెక్కుచెదరదు. పందెం వేస్తాను, బీ ఫేజే. ప్యానెల్ మీటర్‌కి పీటీ సప్లయ్ వేరే ఫ్యూజుల మీదుగా వెళ్ళుంటుంది, అందుకే అది సరిగ్గా ఉంది.

132 వైపు 24.4 లోపలికెళ్ళి 33 వైపు 16 బయటికొస్తే మిగిలిన 8 ఏమయ్యాయి? ట్రాన్స్‌ఫార్మర్ అంత మింగితే ఈపాటికి ఆయిల్ మరిగిపోయేది. లోడ్ డిస్పాచ్‌లో స్టేట్ ఎస్టిమేటర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. దాని పనే ఇది, ఒక బస్‌లోకి (లైన్లన్నీ కలిసే కడ్డీలోకి) వచ్చింది, పోయింది కూడి తేడా ఎక్కడుందో పట్టుకోవడం. నీకు ఫోన్ అలాగే వచ్చుంటుంది.

రేపు ఎమ్మార్టీ (మీటర్లు, రిలేలు పరీక్షించే విభాగం) వాళ్ళని పిలువు. ఎంఎఫ్‌టీ డిస్‌ప్లే మీద ఒక్కో ఫేజు వోల్టేజీ చూడు, తర్వాత టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ పెట్టు. ఒక్క మాట, వైర్లు వెతికేటప్పుడు సీటీ లింకు మాత్రం తెరవకు. లోడ్ మీద సీటీ సెకండరీ ఓపెన్ అయితే ఏం జరుగుతుందో పుస్తకంలో చదివిందే చాలు, కళ్ళారా చూడక్కర్లేదు.

ఫైబర్‌బండి (11.25)

టెలికాం వింగ్ నుంచి ఒక మనవి. ఈ థ్రెడ్ చూసి సంతోషమేసింది, ఎందుకంటే ఇప్పటిదాకా ఎవరూ "కమ్యూనికేషన్ ప్రాబ్లం" అనలేదు! అంకె కాస్త తేడా వస్తే చాలు, మా మీదకి తోసేస్తారు. లింకు పోతే అసలేమీ రాదు గానీ, తప్పు మెగావాట్లు రావు సార్.

డిస్పాచ్‌తాత (11.41)

ఫైబర్‌బండీ, అంత గట్టిగా చెప్పకు. లింకు పోతే ఏమీ రాకపోవడం మంచి రోజు. చెడ్డ రోజు ఏంటంటే, లింకు పోయాక కూడా పాత అంకె స్క్రీన్ మీద అలాగే నిలబడటం.

నేనే చూశాను. ఎక్కడో చెప్పను. ఒక 132 ఫీడరు, రాత్రంతా 38 మెగావాట్లు. లోడు ఎప్పుడైనా 38.0 దగ్గర గంటల తరబడి కదలకుండా ఉంటుందా? 37.6, 38.3 అని ఊగుతూ ఉండాలి. తెల్లవారుజామున నాకు అనుమానమొచ్చి ఫోన్ చేస్తే, ఆ ఫీడరు అర్ధరాత్రే ట్రిప్పయిందట. ఛానెల్ ఆగిపోయింది, మా వైపు సిస్టమ్ ఆఖరి విలువని పట్టుకుని కూర్చుంది, పక్కన పెట్టాల్సిన అనుమానపు గుర్తు పెట్టలేదు. ఆ 38 కలుపుకుని నేను లెక్కలు వేస్తున్నాను. సున్నా కనిపించి ఉంటే నిమిషంలో ఫోన్ చేసేవాణ్ణి.

అప్పట్నుంచి నా జూనియర్లకి ఒకటే చెప్పేవాణ్ణి. మారే అంకెని చూసి భయపడకండ్రా, మారని అంకెని చూసి భయపడండి.

ఫైబర్‌బండి (11.55)

ఒప్పుకున్నాను సార్ 🙏 ఇప్పుడు చాలావరకు ఐఈసీ 60870-5-104 (ఆర్టీయూ, డిస్పాచ్ మాట్లాడుకునే భాష) మీద నడుస్తోంది కాబట్టి ఇది కాస్త తగ్గింది. ప్రతి విలువ వెంట క్వాలిటీ బిట్లు వస్తాయి. విలువ చెల్లనిదని ఒకటి, తాజాది కాదని ఒకటి, చేత్తో వేసిన అంకె అని ఒకటి. లైన్ మీద మాటామంతీ లేకపోతే 20 సెకన్లకి "ఉన్నావా?" అని టెస్ట్ ఫ్రేమ్ వెళ్తుంది, జవాబు 15 సెకన్లలో రాకపోతే కనెక్షన్ తెంచేస్తుంది. ఇవి స్టాండర్డులో ఉన్న డిఫాల్ట్ విలువలు. పాత 101 సీరియల్ మీద, అదీ పీఎల్‌సీసీ (కరెంటు తీగల మీదుగా సిగ్నల్ పంపే) ఛానెల్ మీద, వానాకాలంలో మేం పడ్డ పాట్లు మాకు తెలుసు. ఇప్పుడు ఓపీజీడబ్ల్యూ (టవర్ల మీది ఎర్త్ వైరులో ఉండే) ఫైబర్ వచ్చాక ప్రాణం సుఖంగా ఉంది, ఎవడో టవర్ కింద జేసీబీ పెట్టేదాకా.

అంకె కదలకపోవడానికి ఇంకో కారణం డెడ్‌బ్యాండ్. ఒక పర్సెంటు లోపు మార్పు పంపొద్దని సెట్ చేసి ఉంటే చిన్న ఊగిసలాట పైకి రాదు. కాబట్టి కదలని ప్రతి అంకె చచ్చినట్టు కాదు. అనుమానమొస్తే పైనుంచి జనరల్ ఇంటరాగేషన్ కొట్టించండి, అన్ని పాయింట్లూ మళ్ళీ పంపుతుంది.

టెక్సాస్_తెలుగోడు (మంగళవారం, ఉదయం 6.15)

ఇక్కడ యుటిలిటీలో పనిచేస్తున్నా. అమెరికాలో 104 బదులు డీఎన్‌పీ3 ఎక్కువ, సారాంశం ఒకటే. మారినవాటిని పంపు, మిగతావి అడిగినప్పుడు చెప్పు.

తాతగారి మాటకి ఇక్కడి పెద్ద ఉదాహరణ 2003 ఆగస్టు 14 బ్లాకౌట్. ఈశాన్య అమెరికా, కెనడాలో 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలో ఒక కంట్రోల్ రూమ్‌లో మధ్యాహ్నం రెండు దాటాక అలారం సాఫ్ట్‌వేర్ నిలిచిపోయింది. లైన్లు చెట్లకి తగిలి ఒక్కొక్కటే పడిపోతున్నాయి, అలారం మోగలేదు. మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. పక్క కంపెనీల వాళ్ళు ఫోన్ చేసి అడిగితే, మా దగ్గర బాగానే ఉందే అన్నారు. ఫీల్డులో ఆర్టీయూలు ఎంత సరిగ్గా చెప్పినా, వినేవాడికి చెవులు పనిచేయాలి.

ఒక డౌటు. ఇంకా ఆర్టీయూ అంటున్నారేంటి? కొత్త సబ్‌స్టేషన్లలో ఐఈసీ 61850 (పరికరాలు నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే స్టాండర్డు) వచ్చాక ఆర్టీయూ పని అయిపోయినట్టే కదా.

రిలేరూమ్ (7.30)

బీరువా పోయింది, పని పోలేదు. 61850 సబ్‌స్టేషన్‌లో రిలేలు, బే కంట్రోల్ యూనిట్లే కొలతలు తీసుకుని ఫైబర్ మీద స్టేషన్ బస్‌కి (సబ్‌స్టేషన్ లోపలి నెట్‌వర్క్‌కి) ఇస్తాయి. వందల రాగి తీగల అవసరం తప్పింది. కానీ చివర్న ఒక గేట్‌వే కూర్చుని లోడ్ డిస్పాచ్‌తో 104లోనే మాట్లాడుతుంది. పాత ఉద్యోగానికి కొత్త హోదా ఇచ్చినట్టు. పైగా మన దగ్గర పాత సబ్‌స్టేషన్లే ఎక్కువ, అక్కడ ఆ బూడిదరంగు బీరువాలే దిక్కు.

పీఎంయూలు (ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్లు) వచ్చాయి కదా, ఇక ఆర్టీయూ ఎందుకు అనేవాళ్ళూ ఉన్నారు. అవి సెకనుకి 25 సార్లు కోణంతో సహా పంపుతాయి, గ్రిడ్ ఊగుతోందా లేదా చూడ్డానికి బ్రహ్మాండం. కానీ ప్రతి బేలో ఐసోలేటర్ తెరిచుందో లేదో చెప్పే పని వాటిది కాదు.

నా వరకు ఆర్టీయూలో బంగారం లాంటిది ఎస్‌ఓఈ, అదే మిల్లీసెకన్ల ఈవెంట్ లిస్టు. 2012 జులై 30 తెల్లవారుజామున 2.33కి ఉత్తర గ్రిడ్ కూలింది. 400 కేవీ బీనా-గ్వాలియర్ లైన్ మీద ఫాల్ట్ లేదు, లోడు ఎక్కువై రిలే దాన్నే ఫాల్ట్ అనుకుని జోన్-3లో (అది చూసే దూరపు పరిధిలో) ట్రిప్ ఇచ్చింది. తర్వాత సెకన్ల వ్యవధిలో లైన్లు వరసగా పోయాయి. మర్నాడు మూడు రీజియన్లు చీకటి. అలాంటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చేది ఈ టైమ్ ముద్రలే. జీపీఎస్ యాంటెన్నా మీద కాకి గూడు కట్టిందని పట్టించుకోని సబ్‌స్టేషన్ ఒకటి నాకు తెలుసు. దాని గడియారం ఏడు నిమిషాలు వెనక. అక్కడి లిస్టు చూస్తే దొంగతనం జరగకముందే పోలీసులు వచ్చినట్టు ఉంటుంది.

గోదారి_ఈఈఈ (8.05)

😂😂 ఒక సీరియస్ ప్రశ్న. పైనుంచి బ్రేకర్ తెరవచ్చన్నారు. పొరపాటున నొక్కితే?

రిలేరూమ్ (8.20)

ఒక్క నొక్కుడుతో పడదు. ముందు ఆ బ్రేకర్‌ని సెలెక్ట్ చేయాలి, ఆర్టీయూ "సరే, ఇదే" అని జవాబివ్వాలి, అప్పుడు ఎగ్జిక్యూట్. మధ్యలో కొన్ని సెకన్లు దాటితే సెలెక్షన్ రద్దు. ఆ తర్వాత ఆర్టీయూ కార్డు నేరుగా ట్రిప్ కాయిల్‌ని కదిలించలేదు, ఒక హెవీ డ్యూటీ రిలే మధ్యలో ఉంటుంది. వీటన్నిటికీ ముందు ప్యానెల్ మీద లోకల్/రిమోట్ స్విచ్. అది లోకల్‌లో ఉంటే పైవాడు ఎంత నొక్కినా ఏం కాదు. రాష్ట్రాల సబ్‌స్టేషన్లలో మనుషులు ఉంటారు కాబట్టి చాలాచోట్ల లోకల్‌లోనే ఉంచి, ఫోన్‌లో కోడ్ ఇచ్చి ఆపరేట్ చేస్తారు. పవర్‌గ్రిడ్ వాళ్ళు మనేసర్ కేంద్రం నుంచి దూరంగానే ఆపరేట్ చేస్తున్నారు.

కోడ్‌కాపలా (9.10)

పొరపాటు సరే, కావాలని నొక్కితే? 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు డిస్ట్రిబ్యూషన్ కంపెనీల కంట్రోల్ రూముల్లో ఆపరేటర్ల కళ్ళ ముందే మౌస్ దానంతటదే కదిలి బ్రేకర్లు తెరుచుకున్నాయి. సుమారు 2 లక్షల 25 వేల మంది వినియోగదారులకి కరెంటు పోయింది. అంతటితో ఆగలేదు. సబ్‌స్టేషన్లలో సీరియల్ నుంచి ఈథర్నెట్‌కి మార్చే చిన్న డబ్బాలు ఉంటాయి కదా, వాటి ఫర్మ్‌వేర్‌ని చెరిపేశారు. ఇక పైనుంచి మూసే దారి లేదు. మనుషులు బళ్ళేసుకుని సబ్‌స్టేషన్లకి వెళ్ళి చేత్తో మూశారు, కొన్ని గంటల్లో కరెంటు వచ్చింది.

2016 డిసెంబర్‌లో కీవ్ దగ్గర వాడిన వైరస్ ఇంకో మెట్టు పైది. దానికి 101, 104, 61850 భాషలు వచ్చు. 104కి మొదట్నుంచీ పాస్‌వర్డ్ లాంటిదేమీ లేదు. 2404 పోర్టులో సరైన వాక్యం పలికితే చాలు, ఎవరు పలికారని అడగదు. అందుకే ఆ బీరువా పక్కన ఉన్న స్విచ్‌లో ఖాళీ పోర్టు కనపడిందని ల్యాప్‌టాప్ గుచ్చకండి. ఫోన్ ఛార్జింగ్‌కి గేట్‌వే యూఎస్‌బీ వాడినవాళ్ళని కూడా చూశాను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డిస్పాచ్‌తాత (9.45)

ఉక్రెయిన్ వాళ్ళు చేత్తో మూయగలిగారంటే అక్కడ చేత్తో మూయడం తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట. కొత్త_ఏఈ బాబూ, మీ ఆపరేటర్ దగ్గర అది నేర్చుకో. ఆర్టీయూ సంగతి ఆయనకి తెలియకపోవచ్చు, మిగతా సబ్‌స్టేషన్ అంతా ఆయన చేతి మీదే ఉంటుంది.

కొత్త_ఏఈ (సాయంత్రం 6.30)

రిలేరూమ్ గారూ, పందెం మీరే గెలిచారు!

ఎమ్మార్టీ ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్) గారు వచ్చారు. ఎంఎఫ్‌టీ డిస్‌ప్లేలో ఆర్ 19.2, వై 19.1, బీ 0.9 కేవీ. టెర్మినల్ దగ్గర మీటర్ పెడితే 64, 64, 3 వోల్టులు. ఫ్యూజు బాగానే ఉంది. టెర్మినల్ బ్లాకులో బీ ఫేజు స్లైడింగ్ లింకు పైకి జరిపి ఉంది, స్క్రూ వదులుగా. మెయింటెనెన్స్ రోజు టెస్టింగ్ కోసం తెరిచి, మూయడం మర్చిపోయారు. అంటే రెండు వారాలుగా 8 మెగావాట్లు తక్కువ పంపుతున్నాం. లింకు బిగించగానే డిస్పాచ్‌కి ఫోన్ చేశాను. "ఆ, ఇరవై నాలుగు వచ్చింది" అన్నారు. ఈసారి వెంటనే పెట్టేయకుండా థాంక్స్ కూడా చెప్పారు.

తాతగారూ, విశేషం ఏంటంటే ఆ లింకు ముందు కనిపెట్టింది మా ఆపరేటరే. మేం ఫ్యూజులు లాగి చూస్తుంటే వెనక నుంచి టార్చి వేసి "ఇది పైకుంది చూడండి సార్" అన్నాడు.

ఇంకో చిన్న సమస్య కూడా చెప్పారు వాళ్ళు. అదే పీటీఆర్ ట్యాప్ పొజిషన్ 9 దాకా సరిగ్గా వెళ్తోంది. 10 పెడితే వాళ్ళకి 16 అని, 11 పెడితే 17 అని వస్తోందట. దీనికి కొత్త థ్రెడ్ పెట్టనా?

గోదారి_ఈఈఈ (6.41)

ఆగండి ఆగండి, ఎవరూ చెప్పొద్దు, ఇది నేను చెబుతా! ట్యాప్ ఛేంజర్ బీసీడీలో (ఒక్కో అంకెని విడిగా నాలుగు బిట్లలో రాసే పద్ధతిలో) పంపుతోంది, ఆర్టీయూ దాన్ని మామూలు బైనరీగా చదువుతోంది. బీసీడీలో 10 అంటే పదుల స్థానంలో ఒక బిట్టు, బైనరీలో ఆ బిట్టు విలువ 16. 11 అయితే 17. కరెక్టేనా తాతగారూ?

డిస్పాచ్‌తాత (6.58)

కరెక్టే. కొత్త_ఏఈ, ఆ పాయింటు కాన్ఫిగరేషన్ బీసీడీకి మార్పించు. మార్చాక ఒక్కో ట్యాపూ కదిపి, డిస్పాచ్‌తో ఫోన్లో సరిచూసుకో. లోడు తక్కువున్న టైములో చెయ్యి.